బాపనయ్య మాస్టారి గొడుగు

ఏ ఏడు జరిగిందో అడక్కండి, చెప్పేవాళ్ళు లేరు. కాలేజీ అంటే ఏంటో మావైపు సగంమందికి తెలీని కాలం. ఏటి మధ్య లంకకి ఇవతల, కాలవ గట్టున ఒక కాలేజీ ఉండేది. అందులో బాపనయ్య మాస్టారు లెక్కలు చెప్పేవాడు. పొట్టి మనిషి, చిన్న గొంతు. ఆయన్నెవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆయనకి పండగంటే ఒకటే. తొలకరి పడ్డాక కాలేజీ తెరిచే రోజు. ముందురోజే పంచె ఉతికి ఆరేసుకునేవాడు. తెల్లారకుండా లేచేవాడు. అన్నం మాత్రం ముట్టేవాడు కాదు. ముద్ద దిగితేగా! కొత్తపిల్లలు వస్తారో రారో. వచ్చినవాళ్ళు ఉంటారో, బెదిరి వెనక్కి పోతారో. పోయినవాళ్ళు మళ్ళీ రారు.

గేటు కాపలా సూరయ్య నవ్వేవాడు.

"ఏం మాస్టారూ, పెళ్ళికొడుకల్లే తయారయ్యారు!"

"ఊరుకోవయ్యా. పడవ కనబడుతోందా?"

"లేదండి."

కాసేపాగి, "పడవ కనబడుతోందా?"

"లేదంటున్నాగా!"

ఇంకాసేపాగి, "సూరయ్యా, పడవ..."

"అదిగో, వస్తోంది. ఇక నన్నొదిలెయ్యండి."

ఆ ఏడు కాలవ నిండా ఎర్రనీళ్ళు. పడవ ఊగుతూ వచ్చి రేవులో ఆగింది. పిల్లలు బిలబిలా దిగి లోపలికి పోయారు. ఒక పిల్ల మాత్రం వెనకబడింది. పేరు నూకరత్నం. పడవ నడిపేది వాళ్ళ నాన్నే. వాళ్ళ వీధిలోంచి కాలేజీకొచ్చిన మొదటి పిల్ల.

రేవుకీ గేటుకీ మధ్యనున్న చిన్న వంతెన దాకా వచ్చింది. కాలేజీ మేడ చూసింది, వెనక్కి తిరిగింది. మాస్టారు గేటు బయట నిలబడి చూస్తున్నాడు.

మళ్ళీ వచ్చింది. గేటు చూసింది, వెనక్కి తిరిగింది.

మూడోసారి గేటులో కాలు పెట్టబోయి, తీసేసి, తిన్నగా రేవుకే నడిచింది.

పడవలోంచి వాళ్ళ నాన్న కేకేశాడు. "ఏమే, ఉంటావా, వస్తావా? గంట కొట్టేలోపు తేల్చు. పడవెక్కావో, రేపట్నించి చేపలబుట్టే. మళ్ళీ చదువు మాటెత్తకు!"

మాస్టారు పరిగెత్తాడు. పంచె బురదలో పడింది. పడనీ.

"అమ్మా, చదువుకుంటే గొప్పదానివవుతావు."

పిల్ల ఒకడుగు పడవ వైపు వేసింది.

"భయమెందుకమ్మా? లోపల ఇంకా ఆడపిల్లలున్నారు."

"వాళ్ళకి చెప్పులున్నాయండి," అని ఇంకో అడుగేసింది.

గేటు దగ్గర్నించి సూరయ్య అరిచాడు. "మాస్టారూ, గంట కొట్టేస్తున్నా!"

ఇంకొక్క అడుగేస్తే పడవే. మాస్టారికి మాటలైపోయాయి. అప్పుడు ఎవరికీ చెప్పనిది చెప్పేశాడు.

"నాకూ భయమేనమ్మా. ఏటా ఈ రోజు ఆ గేటు దాటాలంటే కాళ్ళొణుకుతాయి. కావాలంటే చూడు."

పిల్ల చూసింది. నిజంగానే మోకాళ్ళు రెండూ గజగజలాడుతున్నాయి. రేవులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి ఏటా ఎందుకొస్తారండి?"

"మీరొస్తారని."

మాస్టారు చంకలోని గొడుగు తీసి కొన ఆమె వైపు చాపాడు.

"ఒక్కణ్ణీ వెళ్ళలేనమ్మా. కాస్త లోపల దిగబెట్టు."

పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన పడవ తోసే గెడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిల్ల గొడుగు కొన పట్టుకుంది. ముందు పిల్ల, వెనక మాస్టారు. వంతెన దాటారు, గేటు దాటారు, మెట్లెక్కారు. అప్పటిదాకా సూరయ్య గంట కొట్టలేదు.

ఆ పిల్ల చదువు పూర్తిచేసిందా అంటారా? చేసింది. మాస్టారు మాత్రం మరుసటి వేసవిలోనే పోయాడు.

మళ్ళీ తొలకరొచ్చింది, కాలేజీ తెరిచారు. కొత్తపిల్లలు గేటు బయట గుంపుగా ఆగిపోయారు. వాళ్ళ దగ్గరికెళ్ళే మనిషి లేడు. సూరయ్యే గంట వదిలేసి, తన చిల్లుల గొడుగు తెచ్చి ఒక పిల్లాడి ముందు చాపాడు. "పట్టుకోరా. నన్ను లోపల దిగబెట్టు."

ఇప్పటికీ అంతే. వాన పడనీ, ఎండ కాయనీ, కాలేజీ తెరిచే రోజున అక్కడి మాస్టార్లందరూ గొడుగులతోనే వస్తారు. అందరికంటే బెదురుగా ఉన్న పిల్లనో పిల్లాణ్ణో వెతికి కొన చాపుతారు. వాళ్ళు పట్టుకుని నడిస్తేనే మాస్టారు గేటు దాటేది. ఆఖరి గొడుగు లోపలికొచ్చేదాకా గంట కొట్టరు.