కోయని కేటలాగు

బంగారు గని మూతపడిన ఎర్రకొండపల్లెలో దొరస్వామి నాయుడని ఒకాయన ఉండేవాడు; ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా పంపకపోవడం ఆయనలోని గొప్ప సుగుణం, ఆ జవాబు తనకు తెలిసినా తెలియకపోయినా.

ఆయన దగ్గర ఒక ఇనప్పెట్టె ఉండేది. గని నడిచిన రోజుల్లో, నీటితో తిరిగే యంత్రాలు అమ్మే కంపెనీలు పంపిన పాత కేటలాగులు నలభై దాకా అందులో ఉండేవి. గని ఆఫీసు ఖాళీ చేసినప్పుడు అవి పొట్లాల కొట్టుకు పోతుంటే, ఆయన అడ్డం పడి ఇంటికి తెచ్చుకున్నాడు. వేపాకు వేసి, కర్పూరం పెట్టి, పసిబిడ్డల్లా చూసుకునేవాడు. బడికి పోయింది అయిదేళ్ళే అయినా, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

అన్నిట్లోకీ ఆయనకు ముద్దు, పచ్చ అట్ట వేసిన నీటిచక్రాల కేటలాగు. ఆ కాలంలో కొన్ని పుస్తకాలు కాగితాలు మడిచినవి మడిచినట్టే అచ్చాఫీసు నుంచి వచ్చేవి. కొన్నవాళ్ళు అంచులు కత్తితో కోసుకుని చదువుకోవాలి. దీని అంచులు గని దొరలు కోయలేదు. కోయని పుస్తకానికి విలువెక్కువని ఎక్కడో చదివి నాయుడూ కోయలేదు. మడతల సందులో ఒక కన్ను పెట్టి, అందినంత చూసేవాడు. ఊళ్ళో మాత్రం, "ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు" అనేవాడు.

ఊరి పైన వాగు పక్కన మునెమ్మ రాగిపిండి మిషను నడిపేది. గని వాళ్ళు వదిలేసిన ఇనప చక్రమే ఆమెకు ఆధారం. చక్రం చుట్టూ జంట దొప్పల్లాంటి గిన్నెలుండేవి, ఒక్కో గిన్నెలో రెండు గుంటలు, వాటి నడుమ ఒక గట్టు. గొట్టంలోంచి నీళ్ళు చిమ్మి వాటిని కొడితే చక్రం తిరిగేది, దాంతో మిషను ఆడేది. ఒక ఏడు వాగు పొంగి, గొట్టం మూతి పక్కకు జరిగిపోయింది. వాగులో నీళ్ళు మాఘం దాకే ఉంటాయి. వానల తర్వాత మిషను ఆడే ఆ నాలుగు నెలలే మునెమ్మకు ఏడాది కూడు.

ఆమె రొప్పుతూ వచ్చింది. "నాయుడన్నా, నీళ్ళు గిన్నెలో యాడ తగలాల? నడిమిట్లోనా, పక్కనా? నీ బుక్కులో ఉంటాది గదా."

నాయుడికి తెలియదు. ఆ సంగతి మడత లోపల ఉంది. 'తెలీదు' అనే మాట గొంతు దాకా వచ్చి, మర్యాదగా వెనక్కి పోయింది.

"నడిమిట్లో ఉండేది గట్టు కదా మే! గట్టు మీద నీళ్ళు నిలుస్తాయా? ఒక పక్క గుంటలోకి కొట్టించు. కపిల బాన నిండినట్టు నిండితే, ఆ బరువుకే తిరుగుతాది" అన్నాడు. బావి దగ్గర ఎద్దులతో కపిల తోలి, బానతో నీళ్ళు తోడిన చిన్ననాటి అనుభవమంతా అందులో ఉంది.

"సదువుకున్నోడివి, నువ్వు చెప్తే సరే" అని మునెమ్మ వెళ్ళిపోయింది.

మూడు రోజులు చక్రం మూలుగుతూ తిరిగింది. నాలుగోనాడు ఇరుసు పక్కకు ఒరిగింది. రెండు గిన్నెలు విరిగి పడ్డాయి. మిషను ఆగిపోయింది. మునెమ్మ ఒక విరిగిన గిన్నెను ఒడిలో కట్టుకుని నాయుడి ఇంటికి వచ్చింది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాయుడికి సులువుగా ఉండేది.

"అన్నా, నువ్వు సదివిన ఆ పేజీ ఒకసారి చూపీ. బొమ్మ చూస్తే నాకూ తెలుస్తాది" అంది.

పెట్టె తెరవక తప్పలేదు. మునెమ్మ కేటలాగు అంచు మీద వేలు పోనిచ్చింది. "ఇదేందన్నా, అన్నీ అతుక్కోనుండాయి! సదివేది ఎట్ల?"

నాయుడు దిక్కుతోచక భార్య కామాక్షమ్మ వైపు చూశాడు.

"ఆయన అంజనం వేసి చదువుతాడులే మునెమ్మా" అంది కామాక్షమ్మ.

నాయుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. విరిగిన గిన్నె చాప మీద ఉంది. "నాకు తెలీదు మునెమ్మా. తెలీకుండానే చెప్పినా" అన్నాడు.

"ఆ మాట నాలుగు దినాల ముందు అనుంటే గిన్నెలు మిగిలుండేవి గదన్నా! సరే, ఇప్పుడన్నా కోస్తావా, కొడవలి తెచ్చేదా?"

కామాక్షమ్మ వక్కలు కోసే చిన్న కత్తి అందించింది. నాయుడు కళ్ళు మూసుకుని మొదటి మడత కోశాడు. ఏళ్ళ తరబడి గాలి సోకని కాగితం తెల్లగా తెరుచుకుంది. నాలుగో మడతలో బొమ్మ దొరికింది. నీటిధార సరిగ్గా నడిమి గట్టుకే తగిలి, రెండు పాయలుగా చీలి, రెండు గుంటల్లోంచీ వెనక్కి మళ్ళి పోతోంది.

"నీళ్ళు నిలవకూడదు మే, కొట్టి పోవాల! గట్టు ఉండేదే అందుకు!" అని అరిచాడు నాయుడు. పుస్తకం కోసినందుకు దుఃఖపడాలన్న సంగతి మరిచిపోయి, పొద్దు గూకేదాకా అన్ని మడతలూ కోసి చదువుతూనే ఉన్నాడు. చివర్లో గిన్నెల కొలతలు కూడా ఉన్నాయి.

ఆ కొలతలతో పోతపని సాయిబు రెండు గిన్నెలు పోసిచ్చాడు. ఇరుసు సరిచేశారు. నాయుడు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, పుస్తకం చూస్తూ గొట్టం మూతి తిప్పించాడు. పేజీల మీద నీళ్ళు చిందాయి, ఆయన తుడవలేదు. చక్రం ఈసారి మూలగలేదు. లోపల మిషను గరగరమంటుంటే మునెమ్మ కొంగు నడుముకు దోపి, రాగులు పోయడానికి పరుగెత్తింది.

కానీ అప్పటికే ఇరవై రోజులు గడిచిపోయాయి. అవి మునెమ్మ రోజులు, నాయుడివి కావు. తెలియని సంగతిని అడిగిన వెంటనే తెలియదని చెప్పాలి. గొప్పకు పోయి చెప్పిన జవాబు వల్ల నష్టపోయేది చెప్పినవాడు కాదు, నమ్మినవాళ్ళు. నాయుడు ఇప్పుడు 'తెలీదు' అంటున్నాడు, కాకపోతే రెండోసారి అడిగితేనే. మొదటిసారికే అనడం ఆయనకు ఇంకా రాలేదు.