దొర అడిగిన మనిషి

దూలయ్య కొండ మీదికి తిరిగొచ్చింది గురువు కాళ్ళు మొక్కడానికి కాదు, తన అన్న పోతయ్యను గొడ్డలితో నరికిన జంపయ్యను ఉరికంబం ఎక్కించడానికి. తెల్లదొర దగ్గర దుబాసీగా చేరాక అతనికి చట్టం మీద మా చెడ్డ గురి. దొర జవాన్లతో వాగు అవతల దిగాడు. పొద్దున జంపయ్యను చూపించాల్సింది దూలయ్యే.

"మన పంచాయితీ వాణ్ణి వదిలేసిందటగా తాతా? మీరు నేర్పిన న్యాయం ఇదేనా?" అని దూలయ్య తన గురువు కోసయ్యను నిలదీశాడు.

కోసయ్య చుట్ట ఆర్పాడు. "ఆకలి మీదున్నావు. పద, మీ ఇంట్లో తిందువుగాని."

దారిలో, చచ్చినవాళ్ళకు పాతే రాళ్ళ వరస చివర కొత్త రాయి కనిపించింది. జంపయ్య భార్య దాని ముందు కూర్చుని ఏడుస్తోంది. చేతులకు గాజుల్లేవు.

"జంపయ్య చచ్చాడా?"

"పంచాయితీ చచ్చాడంది. రాయి పాతాం."

ఇంటి పెరట్లో ఎవరో ఎడమచేత్తో కట్టెలు కొడుతున్నారు. పోతయ్యదీ ఎడమచేతి వాటమే. ఆ మనిషి ఇటు తిరిగాడు. మొహం జంపయ్యది.

"తమ్ముడూ, ఎప్పుడొచ్చావురా?" గొంతు మాత్రం పోతయ్యది.

"అన్న పలకరిస్తుంటే మాట్లాడవేంరా? ఇద్దరూ రండి, జావ చల్లారిపోతోంది" అంది తల్లి.

"అమ్మా, వీడు..."

"పోతయ్య" అందామె, దూలయ్య కళ్ళలోకి చూస్తూ.

దూలయ్య భయంతో వెనక్కి జరిగాడు. "ఆ గొంతు వాడికెవరు నేర్పారు తాతా?"

"ఎవరూ నేర్పలేదు. పోతయ్య బదులు ఈ ఇంటికి కొడుకుగా బతకమని మాత్రమే చెప్పాం." కోసయ్య కర్ర అందుకున్నాడు. "రేపు దొరకు చూపించు, నేను అడ్డురాను. పోతయ్య మళ్ళీ చచ్చాడని మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి."

పొద్దున్నే దొర గుమ్మంలోకి వచ్చాడు. లోపల గోడవారన కూర్చున్న మనిషిని చూసి, "జంపయ్య ఇతనేనా?" అన్నాడు.

"కాదు దొరగారూ. మా అన్న."

"మీ అన్నను చంపారని ఫిర్యాదు చేసింది నువ్వే కదా! అబద్ధమాడితే జైలుకు పోతావు. జంపయ్య ఏడీ?"

దూలయ్య రెండు చేతులూ ముందుకు చాపాడు. "అతనికి మా పంచాయితీ శిక్ష వేసింది. అయిపోయింది. నన్ను తీసుకెళ్ళండి."

జవాను సంకెళ్ళు బయటికి తీశాడు. జావ తాగి వస్తానని దూలయ్య ఒక్క నిమిషం అడిగాడు.

లోపలికి వెళ్ళి, "అన్నా, కాస్త జరుగు" అన్నాడు.