స్వామివారు "లేవండి" అనలేదు

స్కానర్ మళ్లీ చచ్చింది. ఆ పూటకి అది మూడో చావు.

"స్వామీ, ఈ దరిద్రపు స్కానర్ నా ప్రాణం తీస్తోంది!" అని ప్రభంజనుడు గోలపెట్టాడు. సన్యాసం పుచ్చుకుందామని ఉద్యోగం మానేసి వచ్చిన కంప్యూటర్ ఇంజినీరు అతను. మా అచలానందస్వామి దగ్గర రెండేళ్లుగా ఉంటున్నాడు. నేను ఆ మఠంలో వంటవాణ్ణి. స్కానర్ సంగతి నాకు అంతంత మాత్రం. తాటాకు పెడితే వెలుగొచ్చి బొమ్మ తీస్తుంది, అంతే.

గోల ఎందుకంటే, చామర్తి అప్పలాచార్యులు గారని ఓ పెద్దాయన వాళ్ల ముత్తాత రాసిన పశువైద్యం తాళపత్రాలు తెచ్చారు. ఇప్పటికే కొన్ని ఆకులు చెదల పాలయ్యాయి. మిగిలినవి ఇంకో ఏడాది ఉంటాయో లేదో. "నాలుగింటి బస్సుకి కట్ట నాతో వచ్చేయాలి. పరాయిచోట రాత్రి ఉంచను" అని ఆయన ముందే తేల్చేశారు.

"మూడు గంటల పని తాతగారూ, కూర్చోండి" అని ప్రభంజనుడు కోతలు కోశాడు. మధ్యాహ్నమయినా రెండు వందల అరవై ఆకుల్లో సగం కూడా కాలేదు.

మా మఠంలో ఒక పద్ధతుంది. గంటకోసారి జేగంట మోగుతుంది. చేతిలో ఏ పనున్నా వదిలేసి పది నిమిషాలు కళ్లు మూసుకు కూర్చోవాలి. స్వామి "లేవండి" అన్నాకే తెరవాలి. అప్పుడల్లా ప్రభంజనుడు లాప్‌టాప్ మూత వేసేవాడు, అది నిద్రపోయేది. మూత తెరిస్తే లాప్‌టాప్ లేచేది గానీ, దానికి తగిలించిన స్కానరూ మౌసూ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేవి. వైర్లు పీకి, పెట్టి, అన్నీ ఆపి మళ్లీ వేస్తే అరగంటకి వెలుగొచ్చేది. ఓ పాతిక ఆకులు అయ్యేసరికి మళ్లీ జేగంట!

"వైరు మార్చాను స్వామీ. ప్లగ్గు మార్చాను. తప్పంతా ఈ స్కానర్‌దే. ఒట్టి బద్ధకం దీనికి!"

ఒంటిగంటకి జేగంట మోగింది. అందరం కూర్చున్నాం.

పది నిమిషాలయింది. పదిహేనయింది. "లేవండి" రాదే! వంటింట్లోంచి మాడు వాసన. నా పప్పు! ఒళ్లు మండిపోయింది, అయినా కన్ను తెరిస్తే ఒట్టు. పక్కన ప్రభంజనుడు కదలడు గానీ బుసలు కొడుతున్నాడు.

చివరికి మఠం మనిషి కాదు కనక అప్పలాచార్యులు గారే కళ్లు తెరిచారు.

"ఏవండోయ్! స్వామివారు వసారాలో కూర్చుని శుభ్రంగా జామకాయ తింటున్నారు. మీరంతా ఎవరికోసం ఈ తపస్సు?"

చూస్తే నిజమే. ఉప్పూకారం అద్దుకుని మరీ తింటున్నారు!

ప్రభంజనుడికి ఏడుపొక్కటే తక్కువ. "స్వామీ, మీరు లేచి మమ్మల్ని లేపలేదేం? అవతల బస్సు టైమవుతోంది!"

"నేను లేచాను కదా, మీరూ లేచే ఉంటారనుకున్నాను నాయనా."

"మీరు చెప్పకుండా ఎలా లేస్తాం? కూర్చోమన్నది మీరేగా!"

స్వామి ఇంకో ముక్క నోట్లో వేసుకున్నారు. "ఒట్టి బద్ధకం మీకు" అన్నారు.

తను స్కానర్‌ని అన్న మాటే తిరిగి తనకి తగిలేసరికి ప్రభంజనుడి మొహం ఎర్రబడింది. ఒక్క ఉదుటున వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఏవేవో వెతికితే ఒకచోట చిన్న గడి కనపడింది. బ్యాటరీ ఆదా కోసం లాప్‌టాప్ ఈ పరికరానికి కరెంటు ఆపెయ్యొచ్చు అని రాసి ఉంది, పక్కన టిక్కు. ఎక్కువసేపు ఛార్జింగ్ నిలుస్తుందని కిందటి నెల తనే పెట్టాడట! స్కానర్‌కి తీసేశాడు, మౌస్‌కి తీసేశాడు. మూత వేసి తెరిచాడు. స్కానర్‌లో వెలుగు వచ్చింది.

ఆ తర్వాత రెండుసార్లు జేగంట మోగినా అది మొరాయించలేదు. మేం మాత్రం మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాం. నాలుగుకి పావుగంట ముందు ఆఖరి ఆకు అయింది. అప్పలాచార్యులు గారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మా ముత్తాతని బతికించావయ్యా" అంటూ కట్టని గుడ్డలో చుట్టుకున్నారు. "ఇంతకీ ఆ పెట్టెకి ఏం రోగం?"

పొద్దున అడిగుంటే ప్రభంజనుడు ఉపన్యాసం దంచేవాడే. ఇప్పుడు స్వామి వైపు చూసి తలొంచుకున్నాడు.

"దానికేం రోగం లేదు తాతగారూ. పడుకోమన్నది నేనే."