పై వరస ఆకు

కొండపి దగ్గర ఎర్రనేలల్లో పొగాకు పండించే మాలకొండయ్య పనిలో చురుకైనవాడే గాని, పట్టుమని పది నిమిషాలు ఒకచోట నిలవలేని మనిషి. అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసి చూసేవాడు. బస్సు కోసం ఆగలేక పక్క ఊరికి నడక మొదలుపెట్టేవాడు. సగం దారిలో ఆ బస్సే అతణ్ణి దాటిపోయేది.

పొగాకును సెగమీద పండించి ఆరబెట్టే బ్యారన్ గది అతనికీ, అతని అక్క రవణమ్మకూ కలిపి ఒకటే ఉండేది. రవణమ్మకు భర్త లేడు. ఎకరం చేనే ఆమె బతుకు. ఆ ఏడు ఇద్దరూ మొక్కల తలలు తుంచి, పిలకలు గిల్లి, ఆకును ఏపుగా పెంచారు. ముదిరిన ఆకును కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వరసలుగా వేలాడదీశారు. కింది వరసలు తమ్ముడివి, పై వరసలు అక్కవి.

పొయ్యి అంటించాక రవణమ్మ చేలోకి పోతూ చెప్పింది.

"ఒరే, సన్నసెగే ఉండాల. పైదాకా ఆకంతా పసుపు తిరిగినాకనే కట్టెలు పెంచు. ఈ ఏడు నా ఆశంతా ఆ పైనే ఉండాది. తొందరపడబాక."

"నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా అక్కా?" అన్నాడు మాలకొండయ్య.

మొదటి రోజు ఎలాగో గడిచింది. పొయ్యి దగ్గర కూర్చున్నాడు, లేచాడు, బ్యారన్ చుట్టూ తిరిగాడు, మళ్ళీ కూర్చున్నాడు. రెండోరోజు పొద్దున ఎదురు బ్యారన్ హజరత్తయ్య అటుగా వచ్చాడు. ఆ ఊళ్లో ఎవరి ఆకు ముందు దిగితే వాళ్ళ దగ్గరికి జనమంతా వెళ్లి, ఆకు పట్టి చూసి, మెచ్చుకునేవారు.

"ఏం బావా, ఇంకా జోలపాడి నిద్రపుచ్చుతుండావా ఆకుని? ఎల్లుండి నాది దింపుతుండా. ఊళ్లో మొదటాకు నాదే!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మాలకొండయ్యకు అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టయింది. తలుపు సందులోంచి తొంగిచూశాడు. కళ్ళెదుట కింది వరస ఆకు నిమ్మపండులా మెరుస్తోంది. పైకెక్కి చూడలేదు. "పండిపోయిందిలే!" అనుకుని పొయ్యినిండా కట్టెలు తోశాడు.

మూడోనాడు తలుపులు తీశారు. కింది ఆకు బంగారంలా ఉంది. పై ఆకు ఆకుపచ్చగానే బిగుసుకుపోయింది.

రవణమ్మ ఒక పచ్చాకు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంకో రెండు రోజులు సెగ పెడితే పసుపు తిరగదా అక్కా?" అన్నాడు మాలకొండయ్య.

"పొయ్యికి దగ్గరగా ఉండేది ముందు పండుద్ది, పైది నిదానంగా పండుద్ది. పచ్చగా ఎండిన ఆకు ఇంక పండదురా, దానికి ధరా రాదు."

ఆ మాటకు మాలకొండయ్య తల వంచుకున్నాడు. తన బంగారు ఆకునంతా మోసుకెళ్లి అక్క కొట్టంలో పెట్టాడు. ఆ పచ్చాకును తను తీసుకున్నాడు. చూడవచ్చిన జనం ఎదుటే ఆ పని చేశాడు.

తర్వాతి కోతకు అక్క ఆకును కింద కట్టి, తనది పైన కట్టాడు. అప్పుడూ కుదురుగా కూర్చోలేదు. కాకపోతే, కాలు నిలవనప్పుడల్లా నిచ్చెనెక్కి పై వరస చూసి వచ్చేవాడు. హజరత్తయ్య మళ్ళీ వచ్చి, "ఏం బావా, ఇంకా దించలేదా?" అన్నాడు.

"పై ఆకుని అడిగొచ్చా బావా. ఇంకో పూట ఆగమంది," అన్నాడు మాలకొండయ్య.

ఆసారి పైనుంచి కిందిదాకా ఆకంతా ఒకే రంగులో దిగింది.

పిల్లలూ, మన కంటికి అందినది పండిందని అంతా పండిందనుకోకూడదు. అందనిదాన్ని కూడా చూసి, దాని గడువు దానికి ఇచ్చినవాడి కష్టమే ఫలిస్తుంది.