ఏదుపంది వేసి చూడని దోస

అనగనగా మధ్యాహ్నం దాటితే చాలు, కొండ నీడ కమ్మేసే ఒక అడవి ఉండేది. అక్కడ జంతువులన్నీ తలా ఒక మడి చేసుకుని ఏదో ఒకటి పండించుకునేవి. ఏ విత్తనం వేయాలో చెప్పేది మాత్రం ముసలి ఏదుపంది.

దాని పద్ధతి దానిది. ఎవరు ఏ విత్తనం తెచ్చినా ముందు తన పెరట్లో వేసేది. ఎండకు ఎలా ఉందో, వానకు ఎలా ఉందో, చలికి ఎలా ఉందో ఏడాదంతా చూసేది. తొలకరి పడగానే జంతువులన్నీ దాని దగ్గర చేరేవి. "ఇది నేను వేసి చూశాను" అని ఏదుపంది అందంటే ఇక ఏ జంతువూ మారుమాట్లాడేది కాదు.

ఒక ఏడాది దానికి చెప్పడానికి కొత్తదేమీ లేకపోయింది. కిందటేడు వేసిన మూడు మొక్కల్లో ఒకటి ఎండకు మాడింది, ఒకటి వానకు కుళ్ళింది, ఒకటి చలికి ముడుచుకుపోయింది. పాత విత్తనాలే వేసుకోమంటే సరిపోయేది. కానీ అందరూ ఆశగా చూస్తుంటే అలా చెప్పడం దానికి నామోషీ అనిపించింది. పేరున్న వాళ్ళకు ఈ బాధ ఒకటి ఉంటుంది, పిల్లలూ.

ముందు రోజే కొండ అవతలి చిలుక ఆకు పొట్లంలో దోస గింజలు తెచ్చి ఇచ్చింది. తమవైపు నలభై రోజుల్లో కాయలు విరగకాస్తాయని చెప్పింది. చిలుక అబద్ధమాడలేదు. అటువైపు అలాగే కాస్తాయి.

ఏదుపంది గొంతు సవరించుకుంది. "ఈ దోస నేను వేసి చూశాను. బాగా కాస్తుంది" అంది.

కుందేలుకు ఉన్నది ఒక్కటే మడి. అందులో పండే అలసందలతోనే దాని నాలుగు పిల్లలూ ఎండాకాలం గట్టెక్కేవి. పిల్లలున్నది కదా అని ఏదుపంది సగం గింజలు దానికే ఇచ్చింది. కుందేలు ఆ ఏడు అలసందలు మానేసి మడంతా దోస పెట్టింది. మిగతా సగం రేపు తనూ వేద్దామని ఏదుపంది పొట్లాన్ని రాతి సందులో దోపింది. కానీ వేయనేలేదు.

కొన్నాళ్ళకు కుందేలు వచ్చి తీగ ఏపుగా పాకిందని సంబరంగా చెప్పింది. ఏదుపంది తలూపింది. మళ్ళీ వచ్చి పూత పూసినట్టే పూసి రాలిపోతోందని చెప్పింది. ఇంకొంచెం ఆకు ఎరువు వేయమంది ఏదుపంది.

మూడోసారి వచ్చేసరికి నలభై రోజులూ దాటాయి. ఒక్క పిందె కూడా లేదు. అయినా కుందేలు నిష్ఠూరంగా మాట్లాడలేదు.

"పెద్దమ్మా, నీ తీగ ఒకసారి చూపిస్తావా? దానికి నువ్వేం చేశావో చూసి నేనూ అలాగే చేస్తాను" అంది.

ఏదుపంది సిగ్గుతో చచ్చిపోయింది. రాతి సందులోంచి పొట్లం తీసి కుందేలు ముందు విప్పింది. మిగిలిన సగం గింజలూ దాచినవి దాచినట్టే ఉన్నాయి.

"నేను వేయలేదమ్మా. చిలుక మాట నా మాటగా చెప్పేశాను" అంది.

కుందేలు ఆ గింజల వంక చూసింది. "అలసందలకు అదను దాటిపోయింది కదా" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేదని ఏదుపందికి అనిపించింది.

ఆ ఏడంతా ఏదుపంది తాను తవ్వుకున్న దుంపల్లో సగం కుందేలు పిల్లలకు ఇచ్చి వచ్చేది. మిగిలిన గింజలు కూడా ఆ రోజే వేసింది. రోజూ దగ్గర కూర్చుని చూసింది. మధ్యాహ్నానికే ఎండ పోవడంతో తీగ పాకింది గాని కాయ కట్టలేదు.

మళ్ళీ తొలకరి పడింది. దోస సంగతి అడవంతా తెలిసిపోవడంతో ఈసారి వచ్చిన జంతువులు తక్కువే. "ఈ దోస నేను వేసి చూశాను. మన దగ్గర కాయదు. ఈ ఏడు చెప్పడానికి కొత్తదేమీ లేదు" అంది ఏదుపంది.

కుందేలు మొత్తం విన్నది. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళి, ఎండిన తీగను తన కళ్ళతో చూసుకుంది. అప్పుడు వెళ్ళి అలసందలు వేసుకుంది.

ఆ తర్వాత కూడా అది ఏదుపంది మాట వింటూనే ఉంది. కాకపోతే ప్రతి ఏడూ ముందు పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చేది.

నీతి: మన మడిలో వేసి చూడనిదాన్ని ఎదుటివారి మడిలో వేయించకూడదు.