మేధావి వారి నెమలి బుర్రలు

చిలకలేరులో గురవయ్యగారింట్లో తెలివి ఎంత ఉండేదంటే, వాకిట్లో ఆరబెడితే కాకులు ఎత్తుకుపోతాయని ఇంట్లోనే మూటగట్టి దాచుకునేవాళ్ళు. ఎప్పుడూ విప్పేవాళ్ళు కాదు. గురవయ్య, భార్య బంగారమ్మ, ఒక్కగానొక్క కొడుకు సోమలింగం. ముగ్గురూ కలిసి ముందుగదిలో కంప్యూటర్లు తయారుచేసి అమ్మేవాళ్ళు. వీధిలోకి పెద్ద బోర్డు: మేధావి కంప్యూటర్స్.

"మన ఇంట్లో ఉన్న సుగుణం ఒకటే," అనేవాడు గురవయ్య మీసం సవరించుకుంటూ. "ఎవరేం చెబితే అది అక్షరాలా చేస్తాం. సొంత తెలివి కలపం."

"కలిపితే చెడిపోదూ మరి!" అనేది బంగారమ్మ.

కంప్యూటరుకు ప్రాణం లోపలుండే చిప్పు. ఆ ఇంట్లో దాన్ని బుర్ర అనేవాళ్ళు. ఆ బుర్రలు మొదట్నుంచీ బస్టాండు దగ్గర శేషాచలంగారి కొట్లోనే కొనేవాళ్ళు. ఏనుగు గుర్తు సరుకు. గట్టిదే కానీ, ఏనుగులాగే నిదానం. పైగా పెనంలా కాలేది.

ఒకరోజు సోమలింగం మార్కెట్ వీధిలో వెళ్తుంటే వాన పట్టుకుంది. పక్కనున్న కొట్టు చూరు కింద నిలబడ్డాడు. అది దశరథంగారి కొట్టు. నెమలి గుర్తు చిప్పులు. శేషాచలానికీ దశరథానికీ ఉప్పూ నిప్పూ. లోపల దశరథంగారమ్మాయి పారిజాతం చిన్న పట్టుకారుతో ఒక చిప్పు పట్టుకుని దీపం వెలుగులో చూస్తోంది, మొగ్గ తుంచి మాలలోకి గుచ్చబోయే ముందు చూసుకున్నట్టు. ఆమె బుగ్గ మీద ఆ చిప్పు మెరుపు సన్నగా పడి వణికింది. బయట వాన, లోపల ఆ మెరుపు. వాన వెలిసినా సోమలింగం కదల్లేదు.

"వాన తగ్గిందిగా, వెళ్ళవా?" అంది పారిజాతం.

"వెళ్ళమంటే వెళ్తాను," అన్నాడు.

ఆమె నవ్వేసింది. అప్పట్నుంచి వాడు రోజూ వచ్చేవాడు. ఆమె ఏం చెప్పినా ఒక్క ముక్క జారనిచ్చేవాడు కాదు. ఇంట్లో తండ్రి తన మాట సగం కూడా వినడేమో, పారిజాతానికి ఆ కుర్రాడు దేవుడిలా కనిపించాడు. ఒక సాయంత్రం సిగ్గుపడుతూ, "ఇవాళ నా కల్లోకి రావా?" అంది.

"ఎన్నింటికి రమ్మంటావు? మీ వీధి తలుపు ఎనిమిదింటికే వేసేస్తారు గదా," అన్నాడు సోమలింగం దిగులుగా.

అంతే. ఆ పిల్ల మనసు పూర్తిగా వాడిదైపోయింది.

సోమలింగం ఇంటికొచ్చి, "నాన్నా, ఏనుగు బుర్రలొద్దు. ఇకనుంచి నెమలి బుర్రలే," అన్నాడు.

"ఎందుకురా?"

"ఆ చిప్పు ఆమె చేతిలో ఉంటే వెన్నెల్లా ఉంది నాన్నా."

"వేడి తక్కువన్నమాట!" అన్నాడు గురవయ్య. "ఏమేవ్, మారిపోదాం."

దశరథంగారికి సంగతి తెలిసింది. ఆయన వ్యాపారం తెలిసిన మనిషి. నేరుగా వచ్చి మడతకుర్చీలో కూర్చున్నాడు. "చూడండి గురవయ్యగారూ. ఆడపిల్లల హైస్కూలుకి మీరు కంప్యూటర్లు చేసిస్తున్నారని విన్నాను. వాటిలో నా నెమలి చిప్పులు పెట్టండి. సోమవారం హెడ్మిస్ట్రెస్ విమలాబాయిగారు బటన్ నొక్కితే అవన్నీ వెలగాలి. వెలిగితే ఆ మధ్యాహ్నమే తాంబూలాలు. వెలక్కపోతే ద్వారపూడి సంబంధం సిద్ధంగా ఉంది. ఆ మాటే ఖాయం చేసేస్తాను."

సోమలింగం గుమ్మంవైపు చూశాడు. గుమ్మం బయట నిలబడ్డ పారిజాతం కొంగు వేలికి చుట్టుకుంటూ వాడివైపే చూస్తోంది.

దశరథం లేచి వేలు చూపించి చెప్పాడు. "జాగ్రత్తలు వినండి. చిప్పుల్ని చేత్తో ముట్టుకోవద్దు. కంప్యూటర్లు చల్లగా ఉండాలి. ఇంకోటి, ఆ శేషాచలం ఏనుగు గుర్తు మీ ఇంట్లో గానీ స్కూల్లో గానీ నా కంటికి కనబడకూడదు. ముందెళ్ళి ఆయనకి ఇక మీ సరుకొద్దని చెప్పి రండి."

"అక్షరాలా!" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ముందు శేషాచలం దగ్గరికెళ్ళారు. బంగారమ్మ అరటిపళ్ళు, తమలపాకులు పళ్ళెంలో పెట్టి, "అన్నయ్యగారూ, మేం మారిపోతున్నామండీ, ఆశీర్వదించండి," అంది.

శేషాచలం మొహం కందగడ్డయింది. "ఆ దశరథం దగ్గరికా? పొండి! పోయేముందు నా బుర్రలు నాకు పడేసి మరీ పొండి!"

ఇంకేముంది. ఆ మాట పట్టుకుని ముగ్గురూ సంచీ, స్క్రూడ్రైవరూ తీసుకుని ఊరంతా తిరిగారు. ఇన్నాళ్ళూ తాము అమ్మిన ప్రతి కంప్యూటరూ విప్పారు. ఫొటో స్టూడియో సూర్యం పెళ్ళి ఫొటోలు సర్దుకుంటున్నాడు.

"ఏంటి గురవయ్యా, విప్పుతున్నావ్?"

"నీ బుర్ర తీసుకెళ్తున్నాం సూర్యం."

"రిపేరా?"

"కాదు, అడిగాడు, ఇచ్చేస్తున్నాం."

సూర్యం తేరుకునేలోపు పక్కనున్న కేబుల్ ఆఫీసులోకి దూరారు. అక్కణ్ణుంచి ఎరువుల కొట్టు, ఆ తర్వాత కల్యాణమండపం ఆఫీసు. సాయంత్రానికి సంచీ నిండింది. తీసుకెళ్ళి శేషాచలం బల్లమీద గుమ్మరించారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"చూశావా, ఎంత సంతోషించాడో," అన్నాడు గురవయ్య బయటికొస్తూ.

తర్వాత నెమలి చిప్పులు, వాటి బోర్డులు వచ్చాయి. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. చేత్తో ముట్టుకోకూడదు. మరెలా?

"చేత్తో వద్దన్నాడు. కాలితో వద్దనలేదు," అంది బంగారమ్మ.

భార్య తెలివికి గురవయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చిప్పు ఇరికించి ఎత్తాడు. ఎత్తగానే బంగారమ్మ కెవ్వుమంది. "ఏవండీ! అన్నం పెట్టే వస్తువుకి కాలు తగిలింది! కళ్ళకద్దుకోండి!"

కళ్ళకద్దుకోవాలంటే చేత్తో తీసుకోవాలి. చేత్తో ముట్టుకోకూడదు. అంతే, కాలు పైకి, తల కిందికి. గురవయ్య తన కాలి దగ్గరికి తన కళ్ళు తీసుకెళ్ళబోయి గుండ్రంగా చుట్టుకుపోయి గదిలో దొర్లాడు. సోమలింగం ఆపబోయి వాడూ దొర్లాడు. చివరికి బంగారమ్మ అప్పడాలు కాల్చే పట్టుకారు తెచ్చి, ఒక్కో చిప్పూ దాంతో పట్టుకుని మొగుడి కళ్ళకీ కొడుకు కళ్ళకీ అద్ది బోర్డులో కూర్చోబెట్టింది. పారిజాతం పట్టుకారు గుర్తొచ్చి సోమలింగం ప్రతి చిప్పుకీ ఒక నిట్టూర్పు విడిచాడు. ఎలా కుదిరాయో గానీ, అన్నీ కుదిరాయి.

ఇక చల్లదనం. కంప్యూటర్లన్నిటినీ పెరట్లో నులకమంచాల మీద పడుకోబెట్టి, చుట్టూ వట్టివేళ్ళ తడికలు కట్టి, ముగ్గురూ విసనకర్రలతో విసిరారు. గురవయ్య చెయ్యి నొప్పెట్టి ఆగితే, "ఆపకండి, నిద్ర లేస్తాయి," అని బంగారమ్మ కసిరింది.

ఆదివారం వాటిని రిక్షా బండిలో హైస్కూలుకి చేర్చారు. గదిలో బల్లలమీద వరసగా పెట్టారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక ఏనుగు గుర్తు వెతకడమే మిగిలింది.

గోడమీద అక్షరాల పటంలో 'ఏ' కింద ఏనుగు బొమ్మ ఉంది. బంగారమ్మ సున్నం తెచ్చి పూసింది. మెట్ల పక్కన వినాయకుడి పటం ఉంది. గురవయ్య లెంపలేసుకుని, "స్వామీ, నీ మీద కోపం లేదు, సోమవారం దాకా గోడవైపు తిరుగు," అని తిప్పి పెట్టాడు. జంతువుల పుస్తకంలో ఏనుగు పేజీకి రెండువైపులా అట్ట అంటించారు.

"అయిపోయిందా?" అన్నాడు గురవయ్య.

సోమలింగం వరండాలో పైకి చూశాడు. కరెంటు పెట్టెలో తెల్లటి ఫ్యూజులు వరసగా ఉన్నాయి. ఒక్కో ఫ్యూజు మీద, ఆ చేసినవాడెవడో గానీ, బుల్లి ఏనుగు ముద్ర వేశాడు.

"నాన్నా! తొండం ఎత్తి మరీ నిలబడ్డాయి!"

మెయిన్ కట్టేసి అన్నీ పీకేశారు. పీకినవి ఎక్కడ పెట్టాలి? ఏనుగుది ఏనుగాయనకే. నేరుగా శేషాచలం ఇంటికెళ్ళి ఆయన వరండాలో పోసేసి హాయిగా వచ్చి పడుకున్నారు.

సోమవారం పొద్దున స్కూలంతా మామిడి తోరణాలు. ఆడపిల్లలు వరసల్లో నిలబడ్డారు. పారిజాతం లేత నీలం చీర కట్టుకుని తండ్రి వెనకాల వచ్చింది. కిటికీలోంచి పడిన ఎండ ఆమె జడమీద వాలి అక్కడే ఉండిపోయింది. సోమలింగం తనే ఆ ఎండగా మారిపోతే బావుండునని అనుకున్నాడు.

విమలాబాయిగారు బటన్ నొక్కారు.

ఏమీ లేదు.

మళ్ళీ నొక్కారు. పైనున్న ఫ్యాన్ కూడా తిరగడం లేదని అప్పుడు చూశారు. దశరథం మొహం నల్లబడింది. పారిజాతం పెదవి కొరుక్కుంది.

"కరెంటు ఏదయ్యా?" అన్నాడు దశరథం.

"అది ఏనుగుది మామయ్యగారూ," అన్నాడు సోమలింగం.

"నువ్వు నన్ను మామయ్యా అనకు! ద్వారపూడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా!"

"అలాగేనండీ," అన్నాడు సోమలింగం. అక్షరాలా వినడం అలవాటైన ప్రాణం. కానీ ఈసారి మాట నోట్లోనే విరిగింది, కళ్ళల్లోంచి నీళ్ళు టపటపా రాలాయి. పారిజాతం కూడా ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి ఆడపిల్లల వరసల్లో సగం మంది ఎందుకో తెలియకుండానే ఏడవడం మొదలెట్టారు.

అప్పుడు గుమ్మంలో శేషాచలం. చేతిలో సంచీ, మొహంనిండా నవ్వు. "ఏం దశరథం, నీ నెమలి ఆడటం లేదా? నా వరండాలో ఎవరో ఏనుగుల మంద తోలేసి పోయారు. నా ఏనుగు లేందే నీ నెమలి పురి విప్పదని ఊరందరిముందూ చూపిద్దామని నేనే తెచ్చా!" అని ఠీవిగా వెళ్ళి ఫ్యూజులన్నీ పెట్టి మెయిన్ వేశాడు.

విమలాబాయిగారు మూడోసారి నొక్కారు. గదిలో ఒక్కసారిగా నీలంగా వెలుగు. వరసగా అన్ని కంప్యూటర్లూ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మొదటిసారి నొక్కితే వెలగాలన్నాను," అన్నాడు దశరథం మొండిగా.

"లేదు నాన్నా. నొక్కితే వెలగాలన్నారు. మొదటిసారని అనలేదు. నేను గుమ్మంలోనే ఉన్నా," అంది పారిజాతం కళ్ళు తుడుచుకుంటూ.

దశరథం గొణుక్కుంటుండగానే వెనక గోల. ఫొటో స్టూడియో సూర్యం, కేబుల్ ఆఫీసువాళ్ళు, ఎరువుల కొట్టాయన, కల్యాణమండపం మేనేజరు, ఊరు ఊరంతా గదిలోకి తోసుకొచ్చారు. "మా బుర్రలు పట్టుకుపోయారండీ! శేషాచలాన్ని అడిగితే పంతానికి పోయి ఇవ్వనంటున్నాడు! మీ నెమలివి మాకూ వెయ్యండి!"

దశరథం ఆ గుంపును చూశాడు. మొహంమీద మబ్బు విడిపోయింది. "ఈ పిల్లాడు ఒక్కరోజులో ఊరంతా నా సరుకు పట్టించాడే!" అన్నాడు. అంతే. మధ్యాహ్నమే తాంబూలాలు పుచ్చుకున్నారు.

తాంబూలాలప్పుడు సోమలింగం పారిజాతాన్ని చూస్తూ చూస్తూ తమలపాకుల బదులు అరటాకు నమిలేశాడు. దశరథానికి విసుగొచ్చి, "ఒరే అబ్బాయ్! పెళ్ళి అయ్యేదాకా మా అమ్మాయి మొహం చూడొద్దు!" అన్నాడు.

"అక్షరాలా మామయ్యగారూ."

పెళ్ళిరోజు వచ్చింది. పీటలమీద సోమలింగం కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. తెర తీశారు. వాడు కళ్ళు తెరవలేదు.

"చూడవయ్యా," అన్నారు పురోహితుడుగారు.

"పెళ్ళి అయ్యాకండీ."

అంతకుముందు జీలకర్ర బెల్లం దగ్గర పారిజాతమే వాడి చెయ్యి పట్టుకుని మెల్లిగా తన తలమీద పెట్టుకుంది. ఆ వేళ్ళు తగిలేసరికి మూసిన కళ్ళలోనే వాడికి వెయ్యి నెమళ్ళు ఆడాయి. అంతవరకూ బాగానే ఉంది. మాంగల్యం కట్టే వేళకి సరిగ్గా ఆమె నుదుటి బాసికం జారి కిందపడింది. వెతకడానికి ఆమె పక్కకి వంగింది. సాయానికి దశరథమూ వంగి ఆమె పీటమీదికి తల పెట్టాడు.

"గట్టిమేళం!" అన్నారు పురోహితుడుగారు.

డోలు మోగింది. ఇంకేముంది. సోమలింగం చేతులు చాచి, దొరికిన మెడకు తాళి చుట్టి, భక్తిగా ఒక ముడి వేశాడు. మెడ కాస్త లావుగా ఉందనుకుని రెండో ముడి ఇంకా గట్టిగా వేశాడు.

"ఆగవయ్యా! ఆగు!" అని అరిచారు పురోహితుడుగారు.

సోమలింగం ఠక్కున ఆగాడు. "ఎంతసేపు ఆగాలండీ?"

పందిరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. పారిజాతం నవ్వు ఆపుకోలేక, ఆ తాళిని తండ్రి తలమీదుగా పైకి తీసి తన మెడలో వేసుకుని, వాడి చెవి దగ్గర, "మూడోది ఇక్కడ వెయ్యి," అంది. వేశాడు. "ఇప్పుడు తెరువు." తెరిచాడు. తెరిచి, మళ్ళీ మూసుకోవడం మరిచిపోయాడు.

అందరూ అక్షింతలు వేస్తున్నారు గానీ, గురవయ్య మాత్రం ఒక మూల బంగారమ్మని పక్కకి లాగాడు. "ఏమేవ్, రెండు ముళ్ళు ఆయనకి, ఒకటి అమ్మాయికి పడ్డాయి."

"ఔనండోయ్! అయితే పెద్దకోడలు?"

"ఆయనే."

సాయంత్రం వధూవరుల్ని దిగబెట్టడానికి దశరథం గురవయ్యగారింటికి వచ్చాడు. గుమ్మంలో బియ్యం నింపిన గిన్నె పెట్టి, హారతి పట్టుకుని బంగారమ్మ ఎదురొచ్చింది. పారిజాతాన్ని ముద్దుగా పక్కకి జరిపి, దశరథం బుగ్గన చుక్క పెట్టింది. తలుపుకి అడ్డంగా గురవయ్య చెయ్యి చాపాడు.

"మీ ఆయన పేరు చెబితేగానీ లోపలికి రానివ్వం!"

దశరథానికి ఒళ్ళు మండిపోయింది. "ఏంటీ పిచ్చి! ఒరే, సోమలింగం! ఏడీ వాడు?"

"చెప్పేసింది! పేరు చెప్పేసింది!" అని బంగారమ్మ ఎగిరి గంతేసింది. "సిగ్గుపడుతుందేమో అనుకున్నానండీ! కుడికాలు ముందు పెట్టమ్మా తల్లీ... అయ్యో, ఆ అరుపులేంటి? పుట్టింటిమీద బెంగ. మొదట్లో అందరికీ ఇంతే."