పలచనైన కల్లు

ఒక ఊళ్లో ఒకే ఒక్క కల్లుపాక ఉండేది. భర్త చెట్టెక్కి కల్లు దించేవాడు, భార్య పాకలో కూర్చుని పోసేది. ఆమె చేతి కల్లు రెండు ముంతలు పడితే చాలు, ఎంతటివాడికైనా సొంత ఇల్లు చుట్టాలిల్లులా కనపడేది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

అలాంటి పాకలో నెల్లాళ్లుగా ఒకటే గోల.

"ఏందమ్మా ఇది? కల్లా, బియ్యం కడిగిన నీళ్లా?" అన్నాడు ఒకడు.

"ఆరో ముంత తాగుతూ ఇప్పుడా అడిగేది?" అంది ఆమె.

"ఆరు తాగినా ఎక్కకపోతే అడగనా మరి!"

ఆ అన్నవాడు లేచి నిటారుగా నడుచుకుంటూ పోయాడు. ఆమెకు అంతుపట్టనిది అదే. గొణిగేవాళ్లందరూ వచ్చేటప్పటికే కళ్లెర్రజేసుకుని, పిడికిళ్లు బిగించుకుని వస్తున్నారు. తాగాక మాత్రం వాళ్లలో ఒక్కడూ తూలడు, ఒక్కడూ పాడడు.

కల్లు ఎండలో పెట్టి మరింత పులియబెట్టింది. వేరే చెట్లది దింపించింది. ఆఖరికి కట్టుకున్నవాడినే అనుమానించి, "దారిలో వాగు దగ్గర నీళ్లేమైనా కలుపుతున్నావా?" అని అడిగేసింది. మర్నాడు అతను ఆమెను చెట్టు మొదట్లో నిలబెట్టి, ఆమె కళ్లెదుటే కల్లు దించి, కుండ చేతికిచ్చాడు. అడిగినందుకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ ఊళ్లో కొత్తగా వచ్చినదల్లా ఒక్కటే. నెల కిందట రాజు కూడలిలో ఒక మంచె కట్టించాడు. డప్పువాడు పొద్దున్నే దాని మీదికెక్కి, "ఏటి అవతలివాళ్లు మన నీళ్లు తాగేస్తున్నారు! మన చేపలు తినేస్తున్నారు! రేపో మాపో మన మీద పడతారు!" అని మధ్యాహ్నం దాకా అరిచేవాడు. జనం అదంతా విని, అక్కణ్నుంచి నేరుగా పాకకు వచ్చేవాళ్లు.

చివరికి కోరమీసాల మనిషి ఒకడు ముంత పరీక్ష పెట్టమన్నాడు. అది ఆ ఊరి ఆచారం. ముగ్గురు మనుషులు రెండేసి ముంతలు తాగి, నేలమీద ముగ్గుతో గీసిన గీత వెంట నడవాలి. ఇద్దరిని ఫిర్యాదు చేసినవాళ్లు పిలుచుకుంటారు, ఒకరిని కల్లు పోసేవాళ్లు పిలుచుకుంటారు. ముగ్గురూ తూలకుండా నడిస్తే కల్లు కల్తీదని తేలినట్టే. కుండలు పగలగొట్టి, మొగుడూపెళ్లాలను ఊరు దాటిస్తారు.

ఆ మధ్యాహ్నం పాక ముందు ఇసకేస్తే రాలనంత జనం. మొదటివాడు తాగాడు, గీత తప్పకుండా నడిచాడు. "హోయ్!" అని ఒకటే కేక. రెండోవాడు నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ నడిచి మరీ చూపించాడు. ఈలలు, చప్పట్లు!

"ఇక నీ మనిషిని పిలువు," అన్నాడు కోరమీసాలవాడు.

ఆమె జనం వంక చూసింది. ఎటు చూసినా ఎర్రకళ్లే. ఒక్కడు మాత్రం మూలన కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. తాళ్లు పేనే చెవిటివాడు. ఆమెకు అప్పుడు తట్టింది. ఈ నెల్లాళ్లలో కల్లు బాగాలేదని ఒక్కసారైనా అననివాడు అతనే! రోజూ నవ్వుకుంటూ, గోడలు పట్టుకుని ఇల్లు చేరేవాడూ అతనే! ఎవరూ లెక్కచెయ్యని మనిషి కాబట్టి ఎవరూ గమనించలేదు.

చెయ్యి పట్టుకుని గీత దగ్గరికి లాక్కొచ్చింది. జనం పగలబడి నవ్వారు. అతను రెండు ముంతలూ గటగటా తాగేశాడు. మొదటి అడుగు గీత మీదే పడింది. రెండోది పక్కకు పోయింది. మూడో అడుగుకి కోరమీసాలవాడిని కావిలించుకుని, బుగ్గ మీద ముద్దుపెట్టి, గీత మీదే పడుకుని పాటెత్తుకున్నాడు.

"చెవిటివాడిది లెక్కలోకి రాదు!" అని గర్జించాడు కోరమీసాలవాడు.

"తూలేవి కాళ్లు కదయ్యా! వాటికి చెవులతో పనేంటి?" అంది ఆమె.

అనేసి తనే ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి కూడలి వైపు చూసింది. ఒక్క పరుగున లోపలికి పోయి, దిండు చించి గుప్పెడు బూరుగు దూది తెచ్చి కోరమీసాలవాడి చేతిలో పెట్టింది.

"అన్నా, రేపు నువ్వే తాగుదువుగాని. లేవగానే ఇది చెవుల్లో పెట్టుకో. అలాగే ఇక్కడికి రా. నువ్వు తూలకపోతే కుండలు నా చేత్తో నేనే పగలగొడతాను."

మర్నాడు అతను దూదితోనే వచ్చాడు. రెండో ముంత సగమైనా కాలేదు, పాక గుంజ పట్టుకుని వలవలా ఏడవడం మొదలుపెట్టాడు. "మా చెల్లెల్ని ఏటి అవతల ఇచ్చాం. దానికి నెలలు నిండాయి. నెల్లాళ్లుగా నేను అటు తొంగి చూడలేదు."

అంతే, జనం దూది కోసం ఎగబడ్డారు. ఆమె ఇంట్లో ఉన్న దిండ్లన్నీ చించేసింది. ఆ వారమంతా పాకలో పాటలే పాటలు. తూలని మనిషంటూ లేడు. కోరమీసాలవాడు ఏరు దాటి వెళ్లి మేనల్లుణ్ని ఎత్తుకుని ముద్దాడి వచ్చాడు.

వారం తిరిగేసరికి రాజభటుడు కర్ర పట్టుకుని పాక ముందు నిలబడ్డాడు.

"కుండలు పగలగొట్టమని ఆజ్ఞ. నీ కల్లు మీద ఫిర్యాదు వచ్చింది."

"ఎవరు చేశారు?"

"కూడలిలో డప్పువాడు."

"అతను ఏనాడూ ఇక్కడ గుక్కెడు తాగి ఎరగడే! ఏమని చేశాడు?"

భటుడు కాస్త తటపటాయించాడు. "నీ కల్లు మరీ ఘాటుగా ఉందట."

ఆమె ముఖం వెలిగిపోయింది. చెట్టు మీదున్న భర్తను గొంతెత్తి పిలిచింది. అతను గబగబా దిగి వచ్చేదాకా ఆగి, పైట సర్దుకుని భటుడి ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పు. మా ఆయన వినాలి."

భటుడు గట్టిగా చెప్పాడు. ఆ తర్వాతే కర్ర ఎత్తాడు.